కాఫీలో పాషాణం: ఓర్ఫిలా జాడలో ఏడు రోజులు

మొదటి రోజు, మహోన్

బార్సిలోనాలో ఎక్కిన విమానం గంట తిరగకముందే మెనోర్కా ద్వీపంలో దించింది. తులూజ్‌లో ఉంటున్న మా అమ్మాయి బయలుదేరేటప్పుడు కూడా పోరుతూనే ఉంది. "అందరూ ఐఫిల్ టవర్ చూస్తారు, మంచుకొండలు చూస్తారు. విషాల డాక్టరు పుట్టిన ఊరు చూస్తాననేవాళ్లు నువ్వు తప్ప ఎవరైనా ఉన్నారా నాన్నా?" అని. ఉండకపోవచ్చు. ముప్పై మూడేళ్లు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాడికి కొన్ని పిచ్చులు మిగిలిపోతాయి. ప్రాక్టికల్స్ రోజున కంపు వాయువు తయారుచేసే కిప్ ఉపకరణం దగ్గర నిలబడి ఇంటికొస్తే నా చొక్కా కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసేది. మా ఆవిడ దాన్ని విడిగా నానబెట్టేది. పరీక్షకిచ్చిన ద్రావణంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటే ఆ కంపు వాయువు తగలగానే నిమ్మపండు రంగులో అవక్షేపం దిగుతుంది. పిల్లలు దాన్ని చూసి కేరింతలు కొట్టేవారు. ఆ రంగుల మీదే ఒక మనిషి తల తెగిపడటమో నిలవటమో ఆధారపడిన రోజులు ఉండేవని వాళ్లకు చెప్పాలని ఉండేది. సిలబస్‌లో లేదు.

ఆ రోజుల మనిషి, మా అమ్మాయి అన్న విషాల డాక్టరు, పేరు మత్యూ ఓర్ఫిలా. ఫ్రెంచివాళ్లు తమవాడంటారు గాని పుట్టింది ఇక్కడ, స్పెయిన్‌కు చెందిన ఈ ద్వీపంలో, 1787 ఏప్రిల్ 24న. తండ్రి వ్యాపారి.

మహోన్ రేవు సముద్రం కొండను చీల్చుకుని లోపలికి దూరినట్టు ఉంటుంది. సుమారు ఐదు కిలోమీటర్ల పొడవునా నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఇలాంటి రేవు మీద ఎవరి కన్ను పడదు? పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు మూడుసార్లు ఈ ద్వీపాన్ని పాలించారు. చివరిసారి వదిలి వెళ్లింది 1802లో. ఊళ్లో ఇళ్లకు గోడ దాటి బయటికి ఉబ్బిన అద్దాల కిటికీలు ఉన్నాయి. వాటిని ఇక్కడివాళ్లు 'బోయిందర్' అంటారు. ఇంగ్లీషు 'బౌ విండో' ఈ నోళ్లలో అరిగి అలా అయింది. మన ఊళ్లలో 'హాస్పిటల్' ఆసుపత్రి అయినట్టే.

రెండో రోజు, మహోన్

పొద్దున్నే ఓర్ఫిలా పుట్టిన వీధికి వెళ్లాం. బజారు వీధి. చెప్పుల దుకాణాలు, ఐస్‌క్రీం దుకాణాలు, మధ్యలో ఆయన బొమ్మ. ఎవరూ తలెత్తి చూడటం లేదు. ఒక కుర్రాడు దాని పీఠానికి ఆనుకుని బూటు లేసు కట్టుకున్నాడు.

ఓర్ఫిలాను తండ్రి నావికుణ్ణి చేయాలనుకున్నాడు. పదిహేనేళ్ల వయసులో ఓడెక్కించాడు కూడా. మధ్యధరా సముద్రం మీద ఆ ప్రయాణం కుర్రాడికి ఒక్కటే నేర్పింది, సముద్రం తనకు పనికిరాదని. తిరిగొచ్చి వైద్యం చదువుతానన్నాడు. వలెన్సియాలో కొన్నాళ్లు, బార్సిలోనాలో కొన్నాళ్లు చదివాడు. బార్సిలోనా వర్తక మండలి ఈ పిల్లవాడిలో సరుకు ఉందని గుర్తించి, రసాయనశాస్త్రం నేర్చుకుని రమ్మని వేతనమిచ్చి 1807లో పారిస్ పంపింది. తిరిగొచ్చి తమ ఊళ్లో పాఠాలు చెప్పాలని షరతు. మరుసటి ఏడే నెపోలియన్ స్పెయిన్ మీద పడ్డాడు. వేతనం ఆగిపోయింది. మార్సెయ్‌లో ఉన్న మేనమామ డబ్బు పంపకపోతే చదువు అక్కడితో సరి. పారిస్‌లో స్పెయిన్ దేశస్థుడంటే అప్పుడు శత్రువు. ఓర్ఫిలాను పట్టుకుపోతే, ఆయన గురువు, పెద్ద రసాయనవేత్త వోక్లాన్ వెళ్లి విడిపించుకు వచ్చాడట.

"అంటే బార్సిలోనావాళ్లు పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టేనా?" అంది మా ఆవిడ. ఆమె తెలుగు పండితురాలిగా పని చేసి విరమించింది. లెక్కలు నాకంటే కచ్చితంగా వేస్తుంది. అంతే మరి. ఆయన మళ్లీ స్పెయిన్‌లో ఉద్యోగం చేయలేదు.

మూడో రోజు

పూర్తిగా ప్రయాణం. పారిస్‌లో మేము ముందుగా డబ్బు కట్టిన బసలో మా పేరు లేదన్నారు. రాత్రి పదకొండుకి మరో చోట గది దొరికింది, ఐదో అంతస్తులో, లిఫ్టు లేకుండా. ఆవిడ మోకాలి గురించి ఇక్కడ రాయకపోవడమే మంచిది.

నాలుగో రోజు, పారిస్

వైద్య కళాశాల వీధి. ఓదెయోన్ మెట్రో స్టేషన్ నుంచి రెండు నిమిషాల నడక. స్తంభాల వరుసతో పాత వైద్య విద్యాలయం భవనం ఒక పక్క, ఎదురుగా ఒకప్పటి సన్యాసుల మఠం మిగిలిన గోడలు. ఈ వీధికి ఓర్ఫిలా దాదాపు రాజు. 1819లో న్యాయవైద్యానికి ఆచార్యుడు, 1823 నుంచి రసాయనశాస్త్రానికి, 1831 నుంచి 1848 వరకు మొత్తం విద్యాలయానికి అధిపతి. ఎదుటి మఠంలో దుప్యుత్రాన్ అనే శస్త్రవైద్యుడి పేరిట వ్యాధిగ్రస్త అవయవాల మ్యూజియం పెట్టించింది ఆయనే, 1835లో. అది ఇప్పుడక్కడ లేదు, 2016లో మూసేశారు. ఓర్ఫిలా పేరుతోనే ఉన్న మరో శరీరశాస్త్ర మ్యూజియం కూడా ఈ నగరంలో లేదు. ఆ సేకరణ మోంపెలియే వెళ్లిపోయింది. ఈ మోంపెలియే సంగతి ఆరో రోజు మళ్లీ వస్తుంది.

కానీ నేను ఇంత దూరం వచ్చింది ఆయన పదవుల కోసం కాదు, ఒక కప్పు కాఫీ కోసం.

1813 వసంతం. ఓర్ఫిలాకు ఇరవై ఆరేళ్లు. డాక్టరు పట్టా వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. బతుకుతెరువుకు సొంతంగా రసాయన పాఠాలు చెబుతున్నాడు. ఆ రోజు పాఠం తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ నుంచి వచ్చే తెల్ల పొడి. నీళ్లలో కరిగిన పాషాణానికి ఏ కారకం కలిపితే ఏ రంగు అవక్షేపం వస్తుందో చూపించాడు. అంతా పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. తర్వాత, హంతకుడు విషాన్ని ఉత్త నీళ్లలో కలపడు కదా, కాఫీలో కలిపినా ఇవే రంగులు వస్తాయి చూడండి అని, కాఫీలో పాషాణం వేసి అదే కారకం పోశాడు. రాలేదు. వచ్చిన రంగు వేరు.

ముప్పై మూడేళ్లు ప్రయోగశాలలో నిలబడ్డవాణ్ణి, ఆ క్షణం నాకు తెలుసు. పిల్లలందరి ముందు ప్రయోగం తిరగబడితే మాస్టారు చేసే పనులు రెండే. కారకం పాతదనడం, లేదా గంట కొట్టేశారనడం. నేను రెండూ చేశాను. ఓర్ఫిలా ఇంటికి వెళ్లి మిగతా విషాలను తీసుకుని, పాలలో, సారాయిలో, మాంసపు రసంలో, పిత్తంలో కలిపి చూశాడు. దేనిలోనూ పుస్తకంలో చెప్పిన రంగు రాలేదు. అంటే అప్పటిదాకా కోర్టుల్లో వైద్యులు ఇచ్చిన సాక్ష్యాలకు పునాది లేదన్నమాట. విషశాస్త్రమనేది ఇంకా పుట్టనే లేదని ఆయనకు అర్థమైంది. వెంటనే పుస్తక ప్రచురణకర్త దగ్గరికి పరుగెత్తాడు. 1814, 1815లలో విషాల మీద ఆయన గ్రంథం రెండు సంపుటాలుగా వచ్చింది. ఖనిజ విషాలు, వృక్ష విషాలు, జంతు విషాలు, ఒక్కొక్కటి ఒంట్లోకి వెళితే ఏమవుతుంది, చచ్చాక ఏ అవయవంలో ఎలా వెతకాలి. విషం కడుపులోనే ఉండిపోదు, రక్తంలో కలిసి కాలేయానికి, మిగతా అవయవాలకు చేరుతుందని, కాబట్టి ఖాళీ కడుపును చూసి కేసు వదిలేయనక్కరలేదని తర్వాతి ఏళ్లలో నిరూపించింది కూడా ఆయనే.

నిరూపించింది కుక్కల మీద. విషం కక్కేయకుండా వాటి అన్నవాహికను దారంతో బిగించి కట్టేవాడు. అలా చనిపోయినవి వేలల్లో ఉంటాయంటారు. ఈ మాట చెప్పగానే మా ఆవిడ వీధి చివర కాఫీ దుకాణంలో కప్పు కింద పెట్టేసింది. "ఆ వీధిలో ఆయన బొమ్మ దగ్గర ఎవరూ ఆగలేదంటే ఊరికేనా?" అంది.

భవనంలో పై అంతస్తున వైద్య చరిత్ర మ్యూజియం ఉంది. పొడవాటి హాలు, చెక్క బీరువాలు, రంపాలు, కత్తులు, పళ్లు పీకే పరికరాలు. ఒక బీరువాలో సెయింట్ హెలీనా దీవిలో నెపోలియన్ శవాన్ని కోసిన డాక్టర్ ఆంతోమార్కి పరికరాల పెట్టె. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నెపోలియన్ వెంట్రుకల్లో ఆర్సెనిక్ దొరికిందని, ఇంగ్లీషువాళ్లు విషం పెట్టారని 1960ల నుంచి గోల. 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఆయన చిన్ననాటి వెంట్రుకలు, ఆయన కొడుకువి, మొదటి భార్య జోసెఫీన్‌వి కూడా పరీక్షించారు. అన్నిటిలోనూ ఈనాటి మనిషి కంటే సుమారు వంద రెట్లు ఆర్సెనిక్ ఉంది. ఆ కాలపు గాలిలో, రంగుల్లో, మందుల్లో అంత ఉండేది. ఈ ముక్క గుర్తు పెట్టుకోమని ఆవిడకు చెప్పాను, ఎల్లుండి వెళ్లబోయే తూల్ అనే ఊళ్లో పనికొస్తుందని.

ఐదో రోజు, పారిస్

మోంపర్నాస్ శ్మశానం. వాన. ద్వారం దగ్గర ప్రముఖుల సమాధుల పటం ఇచ్చారు. మాతో పాటు లోపలికి వచ్చినవాళ్లంతా రచయితల వైపు వెళ్లారు. మేం అటూ ఇటూ గంట తిరిగి ఓర్ఫిలాను పట్టుకున్నాం. 1853 మార్చి 12న పోయాడు. 1848 విప్లవం వచ్చి రాజు పారిపోగానే ఈయన్ను అధిపతి పదవి నుంచి తీసేశారు. రాజుగారి మనిషని పేరు. నిజమే, పద్దెనిమిదో లూయీకి ఆస్థాన వైద్యుల్లో ఒకడు, లూయీ ఫిలిప్ కాలంలో పట్టిందల్లా బంగారం. శిల్పి కూతుర్ని పెళ్లాడి, ఆవిడ ఇంట్లో జరిపే సంగీత సభల్లో తానే పాడేవాడు. గొంతు ఎంత బాగుండేదంటే రంగస్థలం మీదకు వెళ్లినా బతికేవాడనేవారు. కోర్టులో కూడా ఆ గొంతు పనికొచ్చి ఉంటుంది.

తిరుగుదారిలో ఆవిడ అడిగింది. "పాషాణమంటే రాయి కదండీ. విషానికి ఆ పేరెందుకు పెట్టారో మీ రసాయనంలో ఉందా?" ఉంది. ఆర్సెనిక్ గనుల్లో రాళ్లుగానే దొరుకుతుంది. పసుపుపచ్చగా ఉంటే తాళకం, ఎర్రగా ఉంటే మణిశిల. కాల్చితే పైకి లేచి గడ్డకట్టే తెల్ల పొడిని మన వైద్యులు గౌరీపాషాణమన్నారు. రంగు లేదు, వాసన లేదు, రుచి దాదాపు లేదు. లక్షణాలు చూస్తే వాంతులు, విరేచనాలు, అచ్చం కలరా. ఎలుకల కోసమని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఫ్రెంచివాళ్లు దాన్ని ముద్దుగా 'వారసత్వపు పొడి' అనేవారు. మన దగ్గరా తక్కువేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1849లోనే విష పరీక్షల కోసం కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల పెట్టారంటే అవసరం ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

ఆరో రోజు, తూల్

ఓస్తెర్లిట్జ్ స్టేషన్ నుంచి బ్రీవ్ దాకా నాలుగున్నర గంటలు, అక్కడి నుంచి చిన్న రైల్లో తూల్. ఇరుకు లోయ, మధ్యలో కోరెజ్ నది, రెండు పక్కలా కొండల మీదికి ఎగబాకిన ఇళ్లు, చర్చి శిఖరం. అకార్డియన్ల తయారీకి పేరున్న ఊరు. 1944 జూన్ 9న జర్మన్ సైనికులు ఇక్కడ 99 మందిని వీధుల్లో ఉరి తీశారు. ఆ దుఃఖం ముందు నేను వెతుక్కుంటూ వచ్చిన పాత కేసు చిన్నదే. అయినా 1840 సెప్టెంబరులో దేశమంతా ఈ ఊరి వైపే చూసింది.

మారీ కాపెల్ పారిస్ పిల్ల. ఇరవై మూడేళ్లు. 1839 ఆగస్టులో పెళ్లిళ్ల బ్రోకరు ద్వారా చార్లెస్ లఫార్జ్ అనే ఇనుప కొలిమి యజమానితో పెళ్లయింది. గ్లాందియేలో కోట ఉందని చెప్పారు. వెళ్లి చూస్తే పాడుబడ్డ మఠం, ఎలుకలు, అప్పులు. మొదటి రాత్రే తలుపు గడియ వేసుకుని, నన్ను వదిలేయకపోతే పాషాణం మింగుతానని భర్తకు ఉత్తరం రాసింది. తర్వాత సర్దుకున్నట్టే కనిపించింది. డిసెంబరులో పారిస్‌లో ఉన్న భర్తకు ఇంటి నుంచి కేకు వెళ్లింది. తిన్నాక అతను జబ్బు పడ్డాడు. ఇంటికొచ్చాక ఇంకా ముదిరింది. ఆవిడ ఎలుకల కోసమని మళ్లీ మళ్లీ పాషాణం తెప్పించింది. గుడ్డు, పాలు కలిపిన పానీయంలో ఆవిడ తెల్ల పొడి వేయడం ఇంట్లో ఉన్న ఒకామె చూసింది. జనవరి 14న భర్త పోయాడు.

కోర్టులో జరిగింది తలచుకుంటే రసాయనం మాస్టారుకి నిద్ర పట్టదు. స్థానిక వైద్యులు పాత పద్ధతిలో, అదీ పగిలిన గాజుగొట్టంతో పరీక్షించి విషముందన్నారు. మారీ లాయరు పాయె తెలివైనవాడు. ఓర్ఫిలాకే ఉత్తరం రాసి, ఆ పరీక్ష చెల్లదని ఆయన చేతే చెప్పించాడు. అప్పుడు లిమోజ్ రసాయనకారులు మార్ష్ పరీక్ష చేశారు. లేదన్నారు. శవాన్ని తవ్వి తీసి, అవయవాలు మట్టి కుండల్లో తెచ్చి, మళ్లీ చేశారు. శరీరంలో లేదన్నారు. అయితే ఆ గుడ్డు పానీయంలో మాత్రం పదిమందిని చంపగలిగినంత ఉందన్నారు. ఇక ప్రాసిక్యూటరు లేచి, ముద్దాయి తరఫువాళ్లే గొప్పవాడని ఒప్పుకున్న ఓర్ఫిలానే పిలిపించండన్నాడు. పాయె ఎలా కాదనగలడు?

మార్ష్ పరీక్ష అప్పటికి నాలుగేళ్ల పసికందు. ఇంగ్లండులో ఆయుధ కర్మాగారంలో పని చేసే జేమ్స్ మార్ష్ 1836లో ప్రకటించాడు. జింకు మీద ఆమ్లం పోస్తే హైడ్రోజన్ వస్తుంది. అందులో ఆర్సెనిక్ ఉన్న పదార్థం వేస్తే ఆర్సీన్ అనే వాయువై బయటికొస్తుంది. దాన్ని వెలిగించి మంట మీద చల్లని పింగాణీ పళ్లెం పెడితే నల్లగా మెరిసే మచ్చ పడుతుంది. మిల్లీగ్రాములో యాభయ్యో వంతు ఉన్నా దొరుకుతుంది. చిక్కు కూడా అక్కడే. అంత సున్నితమైన పరీక్షలో జింకులోనే కాస్త ఆర్సెనిక్ ఉంటే? ఆమ్లంలో ఉంటే? మంట పెద్దదైతే? పళ్లెం వేడెక్కితే? చెయ్యి తిరగనివాడు ఉన్నదాన్ని పోగొట్టగలడు, లేనిదాన్ని పుట్టించగలడు.

సెప్టెంబరు 13న ఓర్ఫిలా ఇద్దరు సహచరులతో వచ్చాడు. స్థానిక నిపుణులు చూస్తుండగా తలుపులు వేసుకుని రాత్రంతా పని చేశాడు. ఎనిమిది నెలల శవం కంపు న్యాయస్థానమంతా నిండిందట. 14న బోనెక్కి, లఫార్జ్ శరీరంలో ఆర్సెనిక్ ఉంది, అది మా రసాయనాల్లోంచి రాలేదు, శ్మశానం మట్టిలోంచి రాలేదు, మనిషి ఒంట్లో సహజంగా ఉండేది కాదు అని వరుసగా చెప్పాడు. 19న జ్యూరీ నేరం రుజువైందంది. యావజ్జీవ కఠిన శిక్ష. రాజు దాన్ని మామూలు జైలుశిక్షగా తగ్గించాడు. ముద్దాయి వైపు పిలిచిన రసాయనవేత్త రాస్పాయ్ తీర్పు వచ్చేశాక ఊరు చేరాడు. మీ జడ్జిగారు కూర్చున్న కుర్చీలోంచి కూడా ఆర్సెనిక్ తీసి చూపిస్తానన్నాడని చెబుతారు.

రాత్రి నది గట్టున కూర్చుని ఆవిడతో అన్నాను. "'ఒంట్లో సహజంగా ఉండేది' అన్న మాట ఎక్కడిదో తెలుసా? ఆయనదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎముకల్లో కూడా కాస్త ఆర్సెనిక్ ఉంటుందని అంతకు ఏడాది రెండేళ్ల ముందు ప్రకటించాడు. తూల్‌లో బోనెక్కినప్పుడూ అదే నమ్మకం. 1841లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సంఘం పరీక్షిస్తే అది నిలవలేదు. ఆయనే వదిలేసుకున్నాడు."

"అయితే తప్పుడు సాక్ష్యమా?"

"అది కాదు. తను కనుక్కున్నానన్నది ఏడాదిలో తారుమారు కాబోతున్న మనిషి, ఆ రోజు అనుమానం లేకుండా మాట్లాడాడు. కాఫీ రంగు మారినప్పుడు ఆగినవాడు ఇక్కడ ఆగలేదు."

మారీని ఉంచిన జైలు మోంపెలియేలో. ఓర్ఫిలా మ్యూజియం ఎముకలు చివరికి చేరిందీ ఆ ఊరికే. జబ్బు చేసిన ఆమెను 1852లో వదిలారు. ఆ ఏడే ఉస్సాలో చనిపోయింది. మరుసటి వసంతానికి ఆయనా లేడు.

ఏడో రోజు, గ్లాందియే, ఉజెర్ష్

తులూజ్ నుంచి అల్లుడు కారు తీసుకుని తెల్లవారేసరికే వచ్చాడు. పొలాల మధ్య, ఆపిల్ తోటల మధ్య గ్లాందియే చేరాం. లఫార్జ్ తర్వాత సన్యాసులు తిరిగొచ్చి ఆ మఠాన్ని మళ్లీ కట్టుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక అది వికలాంగుల సంరక్షణ సంస్థ అయింది. లోపలికి వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. పక్కన వాగు పారుతోంది. చార్లెస్‌ను పాతిపెట్టిన బేస్సాక్ కూడా చూశాం. పది నిమిషాలు. "మామయ్యగారూ, ఇంత దూరం వచ్చింది ఇందుకా?" అని అల్లుడు మర్యాదగానే అడిగాడు.

తిరుగుదారిలో ఉజెర్ష్. నది వంపులో కొండ మీద నిలబెట్టినట్టున్న ఊరు. మారీకి పాషాణం అమ్మిన మందుల దుకాణదారు ఎస్సార్తియే ఇక్కడివాడే. నేను ఆ కథ చెబుతుంటే మా ఆవిడ నా వైపు చూడకుండా అడిగింది. "ఇంతకీ ఆవిడే చంపిందంటారా?"

"చంపిందనే నా నమ్మకం. పానీయంలో విషముందని ఓర్ఫిలా కంటే ముందు, అదీ శవంలో లేదన్నవాళ్లే చెప్పారు. పొడి వేయడం చూసినవాళ్లున్నారు."

"మరి ఆ శవాన్ని తవ్వి, రాత్రంతా ఉడకబెట్టడమెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. ఆకుపచ్చ సిలువ దీపం వెలుగుతున్న మందుల దుకాణం కనిపిస్తే ఆమె మోకాలికి ఏదైనా కొందామని ఆగాం. పద్నాలుగో లూయీ 1682లోనే విషం కొన్నవాడి పేరు పుస్తకంలో రాయాలని శాసనం చేశాడు. ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. తూల్ కేసు తర్వాత 1845లో చట్టం బిగించారు. మాకు ఇచ్చింది మామూలు పైపూత మందు. పేరు అడగలేదు, పుస్తకంలో రాయలేదు. కౌంటరు వెనుక అమ్మాయి పెన్ను తీసి డబ్బా మీద ఏదో గీసి ఇచ్చింది. ఆవిడ కారెక్కి కళ్లద్దాలు పెట్టుకుని, అల్లుడి చేత అర్థం చెప్పించుకుంది. రోజుకు మూడుసార్లు రాయాలట. లోపలికి పుచ్చుకోకూడదని కింద రెండు గీతలు గీసి ఉంది.